హెచ్ఆర్ పోర్టల్లో ఏది టిక్ పెట్టాలి? ఎన్‌పీఎస్, వీపీఎఫ్, అమ్మానాన్నల ఇన్సూరెన్స్, కారు లీజు: ఒక పోలిక

ఏప్రిల్ వచ్చిందంటే హైటెక్ సిటీలోనైనా, విశాఖ మధురవాడలోనైనా, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనైనా ఉద్యోగుల మెయిల్‌బాక్సులో ఒకే రకం ఉత్తరం పడుతుంది: మీ ఫ్లెక్సీ బెనిఫిట్లు (జీతంలో భాగంగా మీరే ఎంచుకునే సదుపాయాలు) ఎంచుకోండి, గడువు దాటితే పోర్టల్ మూసేస్తాం. చాలామంది చివరి రోజు సాయంత్రం లాగిన్ అయి, పక్క సీటాయన ఏం పెట్టాడో కనుక్కుని అదే పెట్టేస్తారు. పక్క సీటాయనకు అమ్మానాన్నలు వేరు, జీతం వేరు, ఎన్నాళ్ళు ఇక్కడ ఉంటాడన్న లెక్క వేరు. ఆయన టిక్కులు మీకు నప్పవు.

ఒకప్పుడు ఈ పేజీలో మీల్ కూపన్లు, ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం), ఫోన్ బిల్లు, పుస్తకాల ఖర్చు ఉండేవి. బిల్లులు పెట్టుకుంటే పన్ను తగ్గేది. 2023-24 నుంచి కొత్త పన్ను విధానం డిఫాల్ట్ అయ్యాక వాటిలో చాలా వాటికి పస పోయింది. ఎల్‌టీఏ, ఇంటద్దె మినహాయింపు, 80సీ (పొదుపులు), 80డీ (ఆరోగ్య బీమా) ఏవీ కొత్త విధానంలో చెల్లవు. 2025 నవంబర్ 21 నుంచి కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఇంకో మార్పు తెచ్చాయి. మొత్తం పారితోషికంలో అలవెన్సులు సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా 'వేతనం'గానే లెక్కగట్టాలి. అందుకని బేసిక్ పెంచుతున్న కంపెనీల్లో గ్రాట్యుటీతో పాటు బేసిక్ మీద శాతంగా లెక్కించేవన్నీ పెరుగుతాయి. కిందటేడాది పెట్టిన టిక్కులనే మళ్ళీ పెట్టకూడదనడానికి ఈ రెండు కారణాలు చాలు.

## ముందు నాలుగు ప్రశ్నలు

ఒక్కో బెనిఫిట్‌నూ నాలుగు ప్రశ్నలతో తూచాలి. ఉద్యోగం మానేసిన మర్నాడు ఇందులో నాకేం మిగులుతుంది? ఇదే వస్తువు బయట దొరుకుతుందా, దొరికితే ఎంతకు? నా పన్ను శ్లాబులో నిజంగా ఎంత ఆదా? నా డబ్బు ఎన్నాళ్ళు ఇరుక్కుపోతుంది?

ఎక్కువమంది మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కానీ మొత్తం మార్కుల్లో సగం మొదటి ప్రశ్నకే ఇవ్వాలి. ఐటీలో మూడు నాలుగేళ్ళకో కంపెనీ మారడం మామూలు, పొమ్మంటే రెండు వారాల్లో బ్యాడ్జి ఇచ్చేయడమూ మామూలే. గేటు దాటాక పనికిరాని బెనిఫిట్‌కు పోర్టల్లో ఎంత విలువ వేసి చూపించినా, దాన్ని ఏడాది అద్దెకు తీసుకున్న వస్తువులాగే చూడాలి.

| ఎంపిక | ఉద్యోగం మానేస్తే | బయట దొరుకుతుందా | కొత్త విధానంలో పన్ను ఆదా | డబ్బు చేతికి |
|---|---|---|---|---|
| కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) | ఖాతా మీతోనే వస్తుంది | ఖాతా దొరుకుతుంది, ఈ పన్ను ఆదా దొరకదు | బేసిక్‌లో 14 శాతం దాకా | ప్రధానంగా 60 ఏళ్ళకు |
| వీపీఎఫ్ (పీఎఫ్‌లో ఇష్టపడి వేసే అదనపు చందా) | యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు)తో బదిలీ అవుతుంది | దొరకదు | కట్టేటప్పుడు లేదు, వడ్డీ మీద ఉంది | షరతులతో మధ్యలో |
| గ్రూపులో అమ్మానాన్నల కవర్ | పోతుంది | దొరుకుతుంది, వెయిటింగ్ పీరియడ్‌తో (కొన్ని జబ్బులకు మొదట్లో కొన్నాళ్ళు క్లెయిమ్ రాదు) | లేదు | వర్తించదు |
| గ్రూప్ టాప్-అప్ (అసలు కవర్ చాలకపోతే పనికొచ్చే అదనపు కవర్) | పోతుంది | దొరుకుతుంది | లేదు | వర్తించదు |
| కారు లీజు | కారు తిరిగివ్వాలి లేదా కొనాలి | లోన్ దొరుకుతుంది | ఉంది, శ్లాబును బట్టి | వర్తించదు |
| ఈఎస్‌పీపీ షేర్లు (ఉద్యోగులకు డిస్కౌంట్‌కు ఇచ్చే కంపెనీ షేర్లు) | కొన్నవి మీవే | ఆ డిస్కౌంట్‌కు దొరకవు | లేదు | అమ్మిన రోజే |
| ముందస్తు జీతం యాప్ | ఏమీ ఉండదు | దొరుకుతుంది | లేదు | వెంటనే, ఫీజుతో |

## కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్: 12.75 లక్షల గీతకు అటు ఇటు

జీతంలోంచి మీరు సొంతంగా ఎన్‌పీఎస్‌లో వేసే డబ్బుకు కొత్త విధానంలో మినహాయింపు లేదు. కంపెనీ తన వాటాగా జమచేసే దానికి మాత్రం ఉంది. అది బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా. 2024 జులై బడ్జెట్‌లో ఈ పరిమితిని 10 నుంచి 14కు పెంచారు. పాత విధానంలో ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు ఇప్పటికీ 10 శాతమే. కంపెనీ తన జేబులోంచి అదనంగా ఇస్తుందని అనుకోవద్దు. చాలాచోట్ల మీ స్పెషల్ అలవెన్సులోంచే ఆ మొత్తాన్ని తీసి, 'ఎంప్లాయర్ కాంట్రిబ్యూషన్' పేరుతో ఖాతాలో వేస్తారు. పేరు మారినందుకే పన్ను తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందన్నది మీ జీతం ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2025-26లో వచ్చిన శ్లాబుల ప్రకారం మూడు లెక్కలు చూద్దాం. మూడింటిలోనూ జీతంలో సగం బేసిక్, వేరే ఆదాయం లేదు.

జీతం ఏడాదికి 12 లక్షలు. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11.25 లక్షలు. 12 లక్షల దాకా ఉన్న రిబేటు వల్ల పన్ను ఎలాగూ సున్నా. (ఆ 12 లక్షలకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలిపితే వచ్చేదే 12.75 లక్షల గీత.) ఎన్‌పీఎస్‌లో వేస్తే ఆదా కూడా సున్నాయే. పన్ను కోసమే అయితే ఇక్కడ టిక్ పెట్టడం అనవసరం.

జీతం 13.5 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12.75 లక్షల మీద పన్ను 71,250, సెస్సుతో కలిపి 74,100 రూపాయలు. ఇప్పుడు బేసిక్ 6.75 లక్షల్లో 14 శాతం, అంటే 94,500 ఎన్‌పీఎస్‌కు మళ్ళిస్తే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 11,80,500కి దిగుతుంది. 12 లక్షల గీత కిందికి వచ్చేసింది కాబట్టి పన్ను మొత్తం మాయం. చేతికొచ్చే జీతం ఏడాదికి 20,400 మాత్రమే తగ్గుతుంది, అంటే నెలకు 1,700. పింఛను ఖాతాలో మాత్రం నెలకు 7,875 పడుతుంది. ఈ పోర్టల్ మొత్తంలో ఇంతకన్నా లాభసాటి టిక్ కనపడదు. ఒక్క జాగ్రత్త: ఎఫ్‌డీ వడ్డీ, ఇంటద్దె వంటి ఆదాయం ఏదైనా ఉంటే గీత లెక్కలో అదీ కలుస్తుంది. మార్చిలో చూసుకుంటే లాభం లేదు, ఇప్పుడే కలిపి వేసుకోండి.

జీతం 30 లక్షలు. 14 శాతం అంటే 2.1 లక్షలు, 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి ఆదా 65,520. బాగుంది, కానీ 13.5 లక్షల వాళ్ళకు దక్కినంత సొగసు లేదు. 20 లక్షల లోపు వాళ్ళలో చాలామంది 15 శాతం శ్లాబులో ఉంటారు. 15 లక్షల జీతానికి 1.05 లక్షలు మళ్ళిస్తే ఆదా 16,380.

ఇక ఇబ్బంది సంగతి. ఎన్‌పీఎస్ డబ్బు పింఛను డబ్బు. పిల్లల చదువు, ఇల్లు, వైద్యం వంటి కారణాలకు మధ్యలో తీసుకునే వీలుంది గానీ, అది మీరు సొంతంగా వేసిన చందాలో 25 శాతం మేరకే. కంపెనీ వేసిన వాటాగానీ, దాని మీద పెరిగిందిగానీ లెక్కలోకి రావు. మీ ఖాతాలో ఉన్నదంతా కంపెనీ వాటాయే అయితే మధ్యలో తీసుకోవడానికి ఏమీ ఉండదు. ఇది తెలియక ఇంటి అడ్వాన్సుకు ఎన్‌పీఎస్‌ను నమ్ముకుని చిక్కుల్లో పడేవాళ్ళు ఎందరో.

చివర్లో యాన్యుటీ (నెలనెలా పింఛను ఇచ్చే పథకం) కొనాలన్న నిబంధన మీద చాలామందికి కోపం ఉండేది. 2025 డిసెంబర్‌లో పింఛను నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ దాన్ని సడలించింది. ప్రైవేటు చందాదారులు ఇదివరకు 60 శాతమే ఒకేసారి తీసుకునేవారు, ఇప్పుడు 80 శాతం దాకా తీసుకోవచ్చు. పన్ను మినహాయింపు చట్టంలో 60 శాతానికి రాసి ఉంది కాబట్టి ఆ పైభాగానికి పన్ను లెక్క వేరేగా వేసుకోవాలి. షేర్లలో పెట్టుబడి మామూలుగా 75 శాతం దాకా. 2025 అక్టోబర్ 1 నుంచి కొన్ని స్కీముల్లో నూటికి నూరు శాతం కూడా పెట్టుకోవచ్చు. మార్కెట్ పడినప్పుడు గుండె దడ వచ్చేవాళ్ళు ఆ జోలికి పోనక్కర్లేదు.

## వీపీఎఫ్: వడ్డీకి ఆశపడేవాళ్ళకు

పీఎఫ్‌లో మీ వాటా బేసిక్‌లో 12 శాతం తప్పనిసరి. దాని పైన మీరు ఇష్టపడి వేసేది వీపీఎఫ్. వడ్డీ పీఎఫ్ వడ్డీయే, 2023-24లోనూ 2024-25లోనూ 8.25 శాతం. కొత్త విధానంలో కట్టిన మొత్తానికి మినహాయింపు రాదు. అయినా ఇది పనికిరాదని కొట్టేయొద్దు. అసలు రుచి వడ్డీలో ఉంది. ఏడాదికి మీ వాటా, వీపీఎఫ్ కలిపి 2.5 లక్షలు దాటనంత వరకు వడ్డీ మీద పన్ను లేదు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 8.25 శాతం పన్నులేని వడ్డీ అంటే దాదాపు 12 శాతం ఇచ్చే ఎఫ్‌డీతో సమానం. 15 శాతం శ్లాబు వారికి 9.77 శాతంతో సమానం. ఏ బ్యాంకూ ఇవ్వని రేటది.

ఎంత పెట్టాలో లెక్క సులువు. బేసిక్ నెలకు 62,500 అయితే తప్పనిసరి వాటా 7,500, ఏడాదికి 90,000. 2.5 లక్షల్లో మిగిలింది 1.6 లక్షలు. అంటే వీపీఎఫ్ నెలకు 13,300 దాకా. దాన్ని దాటిన చందా మీద వచ్చే వడ్డీకి ఏటా పన్ను పడుతుంది. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15,000 వేతన పరిమితికే కడతాయి. అక్కడ మీ వాటా నెలకు 1,800 మాత్రమే కాబట్టి వీపీఎఫ్‌కు చోటు ఇంకా ఎక్కువ.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే కంపెనీ మారినప్పుడు. పాత ఖాతాను కొత్తదానిలోకి బదిలీ చేయకుండా డబ్బు తీసేసుకుంటారు. వరసగా ఐదేళ్ళ సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా కలిసి లెక్కకొస్తుంది. 2025 అక్టోబర్‌లో పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు పాక్షిక ఉపసంహరణకు ఉన్న 13 రకాల నిబంధనలను మూడు వర్గాలకు కుదించాలనీ, ఖాతాలో 25 శాతం నిల్వ ఎప్పుడూ ఉంచాలనీ నిర్ణయించింది. కాబట్టి వీపీఎఫ్‌ను పూర్తిగా అత్యవసర నిధిగా వాడుకుందామంటే కుదరదు, ఎన్‌పీఎస్ అంత బిగుతూ కాదు. ఇంకొకటి: చాలా కంపెనీల్లో వీపీఎఫ్ శాతం మార్చుకునే వీలు ఏడాదికి ఒకటి రెండు సార్లే. పెళ్ళో ఇల్లో ఆ ఏడాదే ఉంటే తక్కువతో మొదలెట్టండి.

రెండింటిలో ఏది? జీతం 12.75 లక్షల లోపైతే వీపీఎఫ్. 12.75 నుంచి 13.7 లక్షల మధ్య అయితే కళ్ళు మూసుకుని ఎన్‌పీఎస్, గీత కిందికి దిగేంత. ఆ పైన ఉన్నవారు రెండూ పెట్టవచ్చు. ముందు ఎన్‌పీఎస్ ఎంతన్నది తేల్చుకుని, మిగిలిన పొదుపులో వీపీఎఫ్. రెండేళ్ళలో ఇల్లు కొనే ఆలోచన ఉన్నవారు ఎన్‌పీఎస్‌ను ఆ లెక్కలో చేర్చవద్దు.

## అమ్మానాన్నల ఇన్సూరెన్స్: అసలు చిక్కు ఇక్కడే

ఉద్యోగికి, భార్య లేదా భర్తకు, పిల్లలకు కంపెనీయే ప్రీమియం కడుతుంది. అమ్మానాన్నలను చేర్చాలంటే చాలాచోట్ల మీ జీతంలోంచి కోత. 5 లక్షల కవర్‌కు ప్రీమియం 30,000 అని పోర్టల్లో రాస్తే, మీకు తెగేది 35,400. కారణం 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు, గ్రూప్ పాలసీలకు మాత్రం ఎత్తేయలేదు. ఈ ఒక్క తేడాతో పాత పోలికలన్నీ మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది.

| | కంపెనీ గ్రూపులో | సొంత పాలసీ |
|---|---|---|
| బీపీ, షుగర్ వంటి పాత జబ్బులు | మొదటి రోజు నుంచే ఉండడం మామూలు | గరిష్ఠంగా 3 ఏళ్ళ వెయిటింగ్ |
| వైద్య పరీక్షలు, తిరస్కరణ | సాధారణంగా ఉండవు | ఉండవచ్చు |
| కో-పే (బిల్లులో మీరు భరించే వాటా) | తరచుగా 10 నుంచి 20 శాతం | లేని పాలసీలు దొరుకుతాయి |
| గది అద్దె పరిమితి | తరచుగా కవర్‌లో 1 శాతం | లేని పాలసీలు దొరుకుతాయి |
| జీఎస్టీ | 18 శాతం | లేదు |
| ఉద్యోగం పోతే | ఆఖరి పనిరోజుతో సరి | జీవితాంతం రెన్యువల్ |

నాన్నకు షుగర్, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈ ఏడాదే ఆపరేషన్ పడొచ్చు. అలాంటి ఇంటికి గ్రూప్ కవర్‌ను మించింది లేదు. సొంత పాలసీలో మోకాలి మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా వంటివాటికి విడిగా వెయిటింగ్ ఉంటుంది. అయితే గ్రూప్ కవర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళను బిల్లు రోజున దెబ్బతీసేది గది అద్దె.

లెక్క చూడండి. కవర్ 5 లక్షలు, గది అద్దె పరిమితి 1 శాతం, అంటే రోజుకు 5,000. కో-పే 20 శాతం. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో 8,000 గదిలో ఐదు రోజులు ఉన్నారు. బిల్లు 3.2 లక్షలు: గదికి 40,000, మందులు, ఇంప్లాంటుకు 80,000, సర్జన్, ఓటీ, నర్సింగ్ వగైరాకు 2 లక్షలు. గదికి వచ్చేది 25,000. 5,000 గదికి అర్హత ఉండి 8,000 గది తీసుకున్నారు కాబట్టి సర్జన్, ఓటీ ఖర్చు కూడా ఐదుకు ఎనిమిది నిష్పత్తిలోనే ఇస్తారు, అంటే 1.25 లక్షలు. మందులు, ఇంప్లాంటుకు ఈ కోత వర్తించదు, 80,000 వస్తుంది. మొత్తం 2.3 లక్షలు. అందులో 20 శాతం కో-పే పోగా ఇన్సూరెన్స్ ఇచ్చేది 1.84 లక్షలు. మీ జేబులోంచి 1.36 లక్షలు. కవర్‌లో ఇంకా డబ్బు మిగిలే ఉంది, అయినా ఇంత కట్టాలి. 5,000 లోపు గది అడిగి ఉంటే కో-పే ఒక్కటే పడేది. అడ్మిషన్ కౌంటర్‌లో గది పేరు అడగకండి, రోజు అద్దె అంకె అడగండి.

అందుకని పోర్టల్లో టిక్ పెట్టే ముందు పాలసీ పత్రంలో మూడు అంకెలు వెతకాలి: గది అద్దె పరిమితి, అమ్మానాన్నలకు కో-పే శాతం, శుక్లం, మోకాళ్ళ వంటి వాటికి విడి పరిమితులు. ప్రీమియం ఆ తర్వాత.

మా సలహా రెండూ పెట్టుకోమనే, కనీసం మూడేళ్ళు. గ్రూప్ కవర్ ఈ రోజు అవసరానికి. సొంత పాలసీ చిన్నదైనా, ఐదు లక్షలదైనా ఇప్పుడే తీసుకుంటే వెయిటింగ్ గడియారం తిరగడం మొదలవుతుంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాత జబ్బుల వెయిటింగ్‌ను గరిష్ఠంగా నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది, పాలసీ కొనడానికి ఉన్న 65 ఏళ్ళ వయోపరిమితినీ తీసేసింది. ఐదేళ్ళు వరసగా నడిచిన పాలసీలో మోసం రుజువైతే తప్ప దాచారన్న పేరుతో క్లెయిమ్ తోసిపుచ్చడానికీ వీల్లేదు. షుగర్ ఉన్న సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచి, మూడో ఏట క్లెయిమ్ పోగొట్టుకోవడం ఎంత దండగో చెప్పనక్కర్లేదు. మూడేళ్ళు అయ్యాక గ్రూపులోంచి అమ్మానాన్నలను తీసేయవచ్చు.

రెండు ప్రీమియంలు కట్టే స్థోమత లేదా? అమ్మానాన్నలిద్దరూ 60 లోపు, పెద్ద జబ్బులేమీ లేకపోతే సొంత పాలసీ ఒక్కటే. 65 దాటి, జబ్బులుండి, సొంత పాలసీ ఇచ్చేవాళ్ళు లేకపోతే గ్రూప్ ఒక్కటే. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా తీసుకోవచ్చు. దంపతులిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. ఊళ్ళో అమ్మానాన్నలకు విడిగా తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ అర్హత సంగతి కూడా కనుక్కోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆ పరిమితి 10 లక్షలు. కొడుకు కంపెనీ కార్డు ఉందని అవతల పెట్టేయొద్దు, మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రి ఏ కార్డు తీసుకుంటుందో ముందే రాసి పెట్టుకోండి.

టాప్-అప్ గురించి ఒక మాట. పోర్టల్లో ఇచ్చే గ్రూప్ టాప్-అప్ చవకే, కానీ ఉద్యోగంతో పాటే పోతుంది. బయట సూపర్ టాప్-అప్ తీసుకుంటే అది మీతో ఉంటుంది. దాని డిడక్టిబుల్ (అది పనిచేయడానికి ముందు వేరే చోటి నుంచి కట్టాల్సిన మొత్తం) 5 లక్షలైతే మొదటి 5 లక్షలు కంపెనీ పాలసీ కట్టాలన్న లెక్కతో తీసుకుంటారు. ఉద్యోగం పోయిన నెలలో ఆ మొదటి 5 లక్షలు మీవి. అందుకే సూపర్ టాప్-అప్‌కు తోడు చిన్న సొంత పాలసీ ఉండాలంటున్నాం.

రాజీనామా ఇచ్చిన రోజే ఇంకో పని ఉంది. గ్రూప్ పాలసీలో ఉన్నవారు అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారడానికి దరఖాస్తు చేసుకోవచ్చు, గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్‌లో కలుస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది ఇన్సూరెన్స్ కంపెనీ ఇష్టం, కానీ అడగాల్సింది కవర్ నడుస్తుండగానే. ఆఖరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించాక గుర్తొస్తే ఆలస్యం.

## కారు లీజు: పెద్ద జీతాలకే

విద్యుత్ కార్ల లీజును ఈ మధ్య ప్రతి పోర్టల్ ముందు వరుసలో పెడుతోంది. నెల అద్దె పన్నుకు ముందే జీతంలోంచి పోతుంది, పర్క్విజిట్ (కంపెనీ ఇచ్చిన సౌకర్యం) కింద కొంత విలువ మాత్రం జీతానికి కలుస్తుంది. అద్దె 35,000 అయితే 30 శాతం శ్లాబులో పన్ను ఆదా నెలకు 10,920, అందులోంచి పర్క్విజిట్ మీద పన్ను పోవాలి. 15 శాతం శ్లాబులో ఆదా 5,460. లీజులో దాగిన వడ్డీ, అద్దె మీద జీఎస్టీ దాన్ని చాలావరకు మింగేస్తాయి.

లీజు సంస్థను మూడు అంకెలు అడగండి: జీఎస్టీతో నెల అద్దె, గడువు చివర కారు మీ పేరుకు మార్చుకోవడానికి కట్టాల్సింది, మధ్యలో ఉద్యోగం మానేస్తే కట్టాల్సింది. మూడోది రాతపూర్వకంగా ఇవ్వకపోతే వదిలేయండి. తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది, అది మీరు సొంతంగా కొన్నా వస్తుంది. దాన్ని లీజు గొప్పతనంగా చూపించే బ్రోచర్లను నమ్మవద్దు. రెండేళ్ళలో కంపెనీ మారే ఆలోచన ఉన్నవారు దీని జోలికే పోకూడదు.

## షేర్లు, సెలవులు, మిగతావి

అమెరికా మాతృసంస్థ ఉన్న కంపెనీల్లో ఈఎస్‌పీపీ ఉంటే, 15 శాతం డిస్కౌంట్ అంటే వెంటనే అమ్మినా 17.6 శాతం లాభం. డిస్కౌంట్ మీద జీతంలాగే పన్ను పడ్డాక కూడా 30 శాతం శ్లాబులో 12 శాతం మిగులుతుంది. ఆరు నెలలు జీతంలో కోత తట్టుకోగలిగితే పెట్టండి, వచ్చిన రోజే అమ్మండి. జీతమూ షేర్లూ ఒకే కంపెనీలో ఉంచితే, కంపెనీకి జలుబు చేసినప్పుడు మీకు రెండు వైపులా దెబ్బ. విదేశీ షేర్లు ఉన్నవారు రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, అది జనవరి నుంచి డిసెంబర్ లెక్కన. ఐటీఆర్-1 (మామూలు జీతగాళ్ళ రిటర్ను ఫారం) వేస్తే చెల్లదు.

సెలవులు అమ్ముకునే వీలిచ్చే కంపెనీలు పెరిగాయి. ఉద్యోగంలో ఉండగా అమ్మితే మొత్తం పన్ను పడుతుంది. మానేసేటప్పుడు తీసుకుంటే, చట్టంలోని లెక్కకు లోబడి, జీవితం మొత్తం మీద 25 లక్షల దాకా మినహాయింపు, కొత్త విధానంలోనూ ఉంది. కాబట్టి అవసరం లేకపోతే దాచుకోవడమే. బెంగళూరులో పనిచేసే తెలుగు అమ్మాయిలు ఒకటి గమనించాలి. కర్ణాటక 2025 నవంబర్‌లో ఏడాదికి 12 రోజుల వేతనంతో కూడిన నెలసరి సెలవు తెచ్చింది. దాన్ని కంపెనీ 'వెల్‌నెస్ బెనిఫిట్' పేరుతో పాయింట్లకు అమ్మజూపితే, అడిగి నిలదీయండి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం కూడా చట్టం ఇచ్చిందే, దానికి పాయింట్లు ఖర్చుపెట్టక్కర్లేదు.

ముందస్తు జీతం యాప్‌లది చిన్న మొత్తాల వ్యవహారం, లెక్క మాత్రం చిన్నది కాదు. పది రోజుల ముందు 10,000 తీసుకుని 200 ఫీజు కడితే, ఏడాది వడ్డీ రేటు 73 శాతం. జిమ్, ధ్యానం యాప్, కౌన్సెలింగ్ వంటివాటిలో కౌన్సెలింగ్ ఒక్కటే వాడదగ్గది, అదీ ఉచితమైతే.

## ఎవరికి ఏది

పీజీ హాస్టల్లో ఉంటూ 8 లక్షల జీతానికి చేరిన కొత్త ఉద్యోగి: వీపీఎఫ్ కొద్దిగా, అమ్మానాన్నలకు సొంత పాలసీ, ఇంకేమీ వద్దు. చేతికొచ్చే జీతం ముందు ఆరు నెలల ఖర్చుల నిధిగా పేరుకోవాలి. 13-14 లక్షల్లో ఉన్నవారు: ఎన్‌పీఎస్ మొదటి టిక్, అమ్మానాన్నల గ్రూప్ కవర్ రెండోది. 25 లక్షల పైన, ఇంటి లోను ఉన్నవారు ఎన్‌పీఎస్ పూర్తిగా పెట్టేముందు పాత విధానంతో ఒకసారి పోల్చి చూడాలి, ఇంటద్దె మినహాయింపు పెద్దదైతే ఫలితం తారుమారవుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లో ఉంది, సెక్షన్ నంబర్లు మారాయి. పాత నంబర్లతో ఉన్న ఎక్సెల్ షీట్లను వాట్సాప్‌లో పంచుకునేటప్పుడు అంకెలు సరిచూసుకోండి.

థర్డ్ పార్టీ (ఏజెన్సీ) పేరోల్‌లో ఉన్నవారికి ఈ పోర్టల్ ఉండకపోవచ్చు. వాళ్ళు అడగాల్సింది వేరు. నిర్ణీత కాలపు కాంట్రాక్టు అయితే కొత్త కోడ్ ప్రకారం ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వస్తుంది, ఐదేళ్ళు ఆగక్కర్లేదు. వేతనం నెలకు 21,000 లోపైతే ఈఎస్ఐ ఉండాలి, ఉద్యోగి వాటా 0.75 శాతం మాత్రమే, అర్హులైన అమ్మానాన్నలకూ వైద్యం ఉంటుంది. ఆ కోత పేస్లిప్‌లో కనపడకపోతే అడగండి.

టిక్‌లు పెట్టేసిన తర్వాత స్క్రీన్‌షాట్ ఒకటి సొంత మెయిల్‌కు పంపుకోండి. మొదటి పేస్లిప్ రాగానే రెండు చోట్ల చూడాలి. ఎన్‌పీఎస్ మొత్తం కంపెనీ వాటా వరుసలో ఉందా, ఉద్యోగి కోతల వరుసలో పడిందా? కోతల్లో పడితే కొత్త విధానంలో మినహాయింపు రాదు, ఆ నెలలోనే పేరోల్‌కు టికెట్ వేయండి. ఇన్సూరెన్స్ ఈ-కార్డులో అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆధార్‌లో 01-01 అని పడ్డ పుట్టినరోజులున్న తరం వాళ్ళది. కార్డులో అసలు తేదీ వేయిస్తే క్యాష్‌లెస్ కౌంటర్ దగ్గర రాత్రి పదకొండింటికి టీపీఏ (క్లెయిమ్‌లు చూసే సంస్థ) ఫోన్ ఎత్తేదాకా నిలబడాల్సి వస్తుంది.